నీటి ఒడ్డున రెండు రోజులు

మన కుటుంబాలు ప్రయాణాలు చేయనివి కావు. పెళ్లికి కడపకు వెళతాము, వైద్యానికి వేలూరుకు వెళతాము, జనాజాకు అర్ధరాత్రి కబురందినా రాయచోటికి బయలుదేరుతాము. కానీ ఏ పనీ లేకుండా, కేవలం ఇంటిల్లిపాది ఒకచోట కలిసి ఉండడానికే చేసే ప్రయాణాలు తక్కువ. సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నప్పుడు తిరుపతి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లోని ఇళ్లలో "ఈసారి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకువెళదాం" అన్న మాట వినిపిస్తుంది. ఈ మధ్య ఆ మాటకు మరొకటి తోడైంది. అమెరికాలో ఉన్న బంధువులు పంపే వీడియోల్లో సరస్సు ఒడ్డున నిలిపిన పెద్ద బండి, పక్కన మడత కుర్చీలు, మధ్యలో నిప్పుల పొయ్యి కనిపిస్తాయి. అలాంటిది మనకు సాధ్యమా అని పిల్లలు అడుగుతున్నారు.

పడకలు, చిన్న వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి అమర్చిన ఆ వాహనాన్ని అక్కడ ఆర్.వి. అంటారు. అక్కడి చాలా జలాశయాల ఒడ్డున ప్రభుత్వమే స్థలాలు విభజించి, ఒక్కొక్క దానికి నీటి కుళాయి, విద్యుత్తు, బల్ల, నిప్పు రాజేసుకునే ఇనుప వలయం ఏర్పాటు చేసి అద్దెకిస్తుంది. రాత్రి పది దాటితే నిశ్శబ్దం పాటించాలన్నది అక్కడి సాధారణ నియమం. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి కారవాన్ పర్యాటకానికి ఒక విధానాన్ని ప్రకటించింది. ఇడుక్కి జిల్లాలోని వాగమన్‌లో తొలి కారవాన్ పార్కు వెలిసింది. కువైట్‌లో పనిచేసి వచ్చిన మన రాయచోటి, కడప సోదరులకు మరో తరహా బస తెలుసు. నవంబరు నడిమి నుండి మార్చి నడిమి దాకా అక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకొని గడుపుతాయి. ఆ గుడారాల మేకులు కొట్టిన చేతుల్లో, ఆ పొయ్యిల దగ్గర నిలబడిన వారిలో మన జిల్లాల వారు ఎందరో ఉన్నారు. ఒకరి విశ్రాంతి వెనుక మరొకరి శ్రమ ఉంటుందన్న సంగతి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మన ఆర్.వి. నిజానికి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలరే. అందులో పడక లేదు, పొయ్యి లేదు. ఆ రెండూ లేకపోయినా ఇబ్బంది లేదు. అసలు లోటు మరుగుదొడ్డి. విహారయాత్ర అనగానే మన స్త్రీలు మొదట చేసే పని ఏమిటో గమనించారా? ఉదయం నుండి నీళ్లు తాగడం తగ్గిస్తారు. దారిలో ఎక్కడ ఆపుతారో, ఆపిన చోట తలుపుకు గడియ ఉంటుందో లేదో తెలియదు కనుక, దప్పికను ఓర్చుకోవడమే మేలనుకుంటారు. నీళ్ల సీసా పిల్లలకు అందిస్తారు, భర్తకు అందిస్తారు, తాము మాత్రం పెదవులు తడుపుకుంటారు. సరస్సు చూడడానికి బయలుదేరిన ఇల్లాలు సాయంత్రానికి తలనొప్పితో, మూత్రంలో మంటతో ఇంటికి చేరుతుంది. షుగరు మందులు వాడే నానీ అయితే "మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అని ఆగిపోతుంది. మనం దాన్ని ఆమెకు ప్రయాణాల మీద ఆసక్తి లేకపోవడం అనుకుంటాము.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రయాణాల్లో బృందానికి వెనుకగా నడిచేవారని, బలహీనుల వాహనాలను ముందుకు తోలేవారని, నడవలేని వారిని తమ వెనుక ఎక్కించుకొని వారి కోసం దుఆ చేసేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన విషయం అబూదావూద్ గ్రంథంలో ఉంది. స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాట పాడుతూ వేగంగా తోలుతున్న అంజషా అనే సేవకునితో, గాజు పాత్రలున్నాయి, నెమ్మదిగా అని వారించిన సంగతి బుఖారీలో ఉంది. కుటుంబ ప్రయాణాన్ని ఎవరి వైపు నుండి ఆలోచించడం మొదలుపెట్టాలో ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి. మనం సాధారణంగా బండి నుండి, బడ్జెట్టు నుండి, చూడవలసిన చోట్ల జాబితా నుండి మొదలుపెడతాము. మోకాళ్ల నొప్పులున్న దాదీ నుండి, పాలు తాగే బిడ్డ తల్లి నుండి మొదలుపెట్టి చూడండి. వెళ్లే చోటు మారుతుంది, బయలుదేరే వేళ మారుతుంది, అంజషాకు చెప్పిన మాట మన డ్రైవరుకు కూడా చెప్పవలసి వస్తుంది.

అలా మొదలుపెట్టిన వారికి మన ప్రాంతంలో మొదట తోచవలసిన చోటు పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి రావడంతో ఈ సరస్సు కూడా మన ఇంటి సరస్సయింది. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే రహదారి సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. రెండు వైపులా నీళ్లు, ఆ నీళ్లలో వరుసలు తీరిన ఫ్లెమింగోలు. బండి దిగి నడవలేని పెద్దవారు కూడా కిటికీలో నుండే చూడగలిగే సరస్సు ఇది. నా దృష్టిలో దీని గొప్పతనం అదే.

ఫ్లెమింగోలు చలికాలంలో, ఇంచుమించు అక్టోబరు నుండి మార్చి దాకా కనిపిస్తాయి. ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని వడగట్టి, అందులోని సూక్ష్మమైన నాచును, చిన్న జీవులను తింటాయి. వాటి రెక్కల గులాబీ రంగు ఆ ఆహారం నుండి వచ్చినదే. ఈ సంగతి పిల్లలకు అక్కడే, పక్షిని చూపిస్తూ చెప్పండి. పుస్తకంలో చదివిన దానికంటే నిలుస్తుంది. సరస్సు లోతు చాలా చోట్ల మనిషి నడుము కంటే తక్కువే. అందుకే పొడవు కాళ్ల పక్షులకు అది అనువైన మేత నేల. వేసవిలో మన వైపు భాగం చాలా మేరకు ఎండిపోతుంది కనుక మే నెల సెలవుల్లో వెళితే పిల్లలకు పగిలిన మట్టి కనిపిస్తుంది. సూళ్లూరుపేటకు ఉత్తరాన దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువుంది. అక్కడ పెలికాన్లని పిలిచే గూడబాతులు నీటిలో నిలబడి పెరిగే చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. పక్షుల రెట్టతో సారవంతమైన ఆ నీరు పొలాలకు పారుతుంది కాబట్టి అక్కడి రైతులకు ఆ అతిథులంటే గౌరవం. 2001 నుండి జరుగుతూ మధ్యలో ఆగిన ఫ్లెమింగో పండుగ 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ రోజుల్లో జనం ఎక్కువ. చంటిబిడ్డలున్నవారు ఆ రోజులు తప్పించి వెళ్లడం సుఖం.

పులికాట్, నేలపట్టు రెండూ పక్షుల అభయారణ్యాలు. ఒడ్డున గుడారం వేసి నిప్పు రాజేస్తామంటే కుదరదు, కుదరకూడదు కూడా. సూళ్లూరుపేటలో గది తీసుకొని, గది ఖాయం చేసుకునే ముందే మరుగుదొడ్డి సంగతి అడిగి, తెల్లవారగానే ఫజ్ర్ తరువాత సరస్సుకు వెళ్లి ఎండ ముదిరేలోగా తిరిగి రావడం మేలైన పద్ధతి. మధ్యాహ్నం విశ్రాంతి, అస్ర్ తరువాత మళ్లీ సరస్సు. గుడారంలోనే పడుకోవాలని పట్టుబట్టే యువకులుంటే కడప జిల్లా గండికోట దగ్గర పెన్నా లోయ అంచున అద్దెకు గుడారాలు దొరుకుతాయి. కోటలోని పురాతన జామియా మసీదు తప్పక చూడదగినది. అయితే ఆ లోయ అంచుకు అన్ని చోట్లా కంచె లేదు. నడక నేర్చిన పసివాడితో అక్కడ ఉండడం తల్లికి కాపలా ఉద్యోగమే తప్ప విహారం కాదు.

ప్రయాణంలో నమాజు సంగతి చాలామందికి సందేహంగా ఉంటుంది. హనఫీ పండితులు సాధారణంగా 48 మైళ్లను, అంటే సుమారు 77 కిలోమీటర్లను ప్రయాణ దూరంగా లెక్కిస్తారు. తిరుపతి నుండి నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు దూరం 80 కిలోమీటర్లు దాటుతుంది. కనుక అక్కడికి వెళ్లిన తిరుపతివారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేసుకుంటారు. ఊరికి దగ్గరలోని కల్యాణి డ్యామ్‌కు వెళితే పూర్తి నమాజే. ఇతర మజ్హబ్‌ల లెక్కలో కొంత తేడా ఉంది. బయలుదేరే ముందు మీ మసీదు ఇమామును అడగండి, పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లి అడగండి. ఖిబ్లా విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మన ప్రాంతానికి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు నైరుతి వైపు జరిగి అస్తమిస్తాడు. అస్తమించే సూర్యుణ్ణి చూసి నిలబడితే దిశ బాగా ఎడమకు తప్పుతుంది. ఒక దిక్సూచి కొని పదేళ్ల పిల్లవాడి చేతికివ్వండి, ఆ రెండు రోజులూ ఖిబ్లా చూపే బాధ్యత వాడిదే. ఉప్పునీటితో వుజూ చెల్లుతుందా అని అడిగేవారున్నారు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదని హదీసులో స్పష్టంగా ఉంది. సరస్సు చేపలు నిస్సంకోచంగా తినండి. రొయ్యల విషయం మీ ఇంటి ఆచారానికి వదిలివేస్తున్నాను.

ఇక ప్రాణాలకు సంబంధించిన విషయం. మన ప్రాంతంలో చెరువులు, జలాశయాలు నిండేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు దాకా. చెరువు మొరవ పోతోందనగానే ఊరంతా చూడడానికి కదులుతుంది. అందమైన దృశ్యమే. కానీ 2021 నవంబరును మరచిపోకూడదు. స్వర్ణముఖి ఉప్పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు, రాజంపేట వైపు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లను ముంచింది. వాయుగుండం హెచ్చరిక ఉన్న వారంలో నీటి ఒడ్డు ప్రయాణాన్ని రద్దు చేయండి, అడ్వాన్సు పోయినా సరే.

నిలకడగా కనిపించే చెరువు మరో విధంగా మోసం చేస్తుంది. వేసవిలో ఇటుకల కోసం, పొలాల కోసం యంత్రాలతో మట్టి తవ్విన గుంతలు వానలకు నిండి, పైకి సమతలంగా కనిపిస్తాయి. మోకాలి లోతులో ఆడుతున్న పిల్లవాడు ఒక్క అడుగు పక్కకు వేస్తే తల మునిగిపోతుంది. అన్నను కాపాడబోయి తమ్ముడు, ఇద్దరి కోసం తండ్రి దిగడం వలన ఒకే ఇంట రెండు మూడు జనాజాలు లేచిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాము. ఈత రానివారు నీటిలోకి దూకకూడదు. తాడు, దుపట్టా, చీర, పొడవైన కర్ర, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరాలి. పిల్లలు నీటి దగ్గర ఉన్నంతసేపూ పెద్దవారిలో ఒకరు ఫోను పక్కన పెట్టి వారినే చూస్తూ ఉండాలి, అరగంటకొకసారి మరొకరికి అప్పగించాలి. "అందరం ఇక్కడే ఉన్నాం కదా" అన్న ధీమాలో నిజానికి ఎవరూ చూడరు.

పలమనేరు, కుప్పం వైపు వెళ్లేవారికి కౌండిన్య అభయారణ్యం ఏనుగుల గురించి చెప్పనవసరం లేదు. పొద్దు వాలాక అవి అడవి అంచు చెరువులకు నీళ్లకు వస్తాయి. రాత్రి బస చేసేటప్పుడు దారి మీద దిగవద్దని, అవి జంతువుల నడక దారులని, విషపురుగుల చోట్లని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ముస్లిం గ్రంథంలో ఉంది. అడవి అంచున సూర్యాస్తమయం తరువాత ఆగకపోవడమే ఆ హెచ్చరికను పాటించడం. నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జనను, జనం నీడకు చేరే చోట, దారిలో, నీటి రేవుల దగ్గర మలవిసర్జనను కూడా ఆయన నిషేధించారు. కల్యాణి డ్యామ్ నీరు తిరుపతి, తిరుమలల్లో మనుషులు తాగే నీరు. దాని ఒడ్డున బిర్యానీ ప్యాకెట్లు, పసిపిల్లల డైపర్లు వదిలి వచ్చేవారు ఆ నిషేధం తమకు వర్తించదని ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

చివరిగా వంట. బయటి మాంసం హలాల్ అవునో కాదో అన్న సందేహంతో మనవారు ఇంటి నుండే అన్నీ మోసుకువెళతారు. మంచిదే. అయితే గ్యాసు పొయ్యి, డేగిసా, మసాలా డబ్బాలు అన్నీ బండిలో ఎక్కాయంటే వంటగదికి చక్రాలు వచ్చినట్లే. ఇల్లాలికి గోడలు మారాయి, పని మారలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కుష్కా వండి, సరస్సు దగ్గర వడ్డించి, గిన్నెలు తోమి, అందరూ పడవ ఎక్కినప్పుడు సామాను దగ్గర కూర్చున్న మనిషిని విహారానికి వచ్చినదని ఎలా అంటాము? దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక ప్రయాణంలో ఆమెతో ఆయన పరుగు పందెం వేసుకున్నారు కూడా. పందెం వేసే సంగతి తరువాత, ముందు ఆ రెండు రోజులు ఉల్లిపాయలు మగవారు తరగాలి. మొదటి పూటకు నిమ్మకాయ అన్నం, ఉడికించిన గుడ్లు చాలు. రెండో పూట అన్నం, పప్పు కుర్రవాళ్లు వండుతారు, మాడినా తినండి. సామాను దగ్గర వంతులు వేసుకోండి.

తిరుగు ప్రయాణం ఆదివారం జుహర్ దాటాక మొదలుపెడితే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. ప్రయాణం నిద్రను, తిండిని చెరిపేస్తుందని, పని కాగానే ఇంటివారి దగ్గరకు త్వరగా తిరిగి రమ్మని హదీసులో ఉంది. ఇంటివారినే వెంట తీసుకువెళ్లిన వారికి ఒక పని అదనంగా ఉంటుంది. బండి దిగగానే మాసిన బట్టల మూట, ఖాళీ డబ్బాలు, రేపటి బడి సంచులు, ఆకలి అన్న పిల్లలు అన్నీ ఒకేసారి ఒక్క మనిషి ముందుకు వస్తాయి. ఆ రాత్రి తిండి ఎక్కడి నుండి వస్తుందో, బట్టలు ఎవరు నానబెడతారో బయలుదేరే ముందు శుక్రవారం రాత్రే తేల్చుకోండి.