అద్దము గల కెమెరా, అద్దము లేని కెమెరా

బీర్కూర్ మంజీరా నది యొడ్డున నున్న యూరు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము వలన ఈ ప్రాంతమున వరి ప్రధానమైన పంటయైనది. కోతలు ముగిసి, ధాన్యము సొమ్ము చేతికి వచ్చిన దినములలోనే ఇంటింట పెద్ద కొనుగోళ్ళు నిశ్చయమగుచుండును.

అట్టి యొక ఇంటిని ఊహింతము. చదువు ముగించిన కుమార్తె ఛాయాగ్రహణము నేర్చి, పెండ్లిండ్లకు బొమ్మలు తీసి తన కాళ్ళపై తాను నిలువవలెనని తలచినది. మేనమామ తాను వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను, రెండు లెన్సులతో కూడ, తక్కువ ధరకు ఇచ్చెదననుచున్నాడు. బాన్సువాడలోని స్నేహితురాలు “అద్దముల కాలము తీరినది, మిర్రర్‌లెస్ కొనుము” అనుచున్నది. తండ్రికి ఈ రెంటి భేదము తెలియదు. ఆయనకు తెలిసినది ఒక్కటే: ఈ యేడు సొమ్ము ఒక్కసారి మాత్రమే పెట్టగలడు. ఆ తండ్రికి, ఆ కుమార్తెకు పనికివచ్చునట్లు ఈ రెండు విధముల కెమెరాలను పోల్చి చూచుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట ఆ అద్దము కెమెరాలోనికి ఏల వచ్చినదో తెలిసికొనవలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) హైదరాబాదు రాజ్యమున బొమ్మలు తీసిన కాలమున కెమెరా యొక పెద్ద పెట్టె. వెనుక గరుకు గాజుపలక యుండును. ఛాయాగ్రాహకుడు నల్లని గుడ్డ కప్పుకొని, ఆ గాజుపై తలక్రిందులుగా పడిన బొమ్మను చూచి సరిచేయవలెను. పిమ్మట ఆ గాజు స్థానమున మందు పూసిన పలకను పెట్టవలెను. పలక పెట్టిన క్షణము నుండి అతడు లెన్సు ద్వారా ఏమియు చూడజాలడు. ఎదుటివారు కదలినచో ఆ సంగతి పలకను కడిగిన పిమ్మటనే తెలియును. చూచుట ఒకప్పుడు, తీయుట మరియొకప్పుడు. ఈ ఎడమును తగ్గించుటయే కెమెరా చరిత్రలో ఒక పెద్ద ప్రయత్నము.

ఆ ప్రయత్నమునకు ఫలమే అద్దము. లెన్సు వెనుక నలుబదియైదు డిగ్రీల వాలున ఒక అద్దమును నిలిపినచో, లెన్సులోనికి వచ్చిన వెలుతురు పైకి మరలును. పైన పంచకోణాకృతి గల గాజుదిమ్మ ఆ బొమ్మను నిటారుగా త్రిప్పి కంటికి చూపును. మీట నొక్కగనే అద్దము పైకి లేచును. షట్టరు తెరచుకొని వెలుతురు ఫిల్ముపై పడును. అద్దము మరల దిగును. 1949లో జర్మనీలోని డ్రెస్డెన్ నుండి వెలువడిన కాంటాక్స్ ఎస్ కెమెరాలో ఈ పంచకోణపు దిమ్మ యుండెను. 1954 నాటి జపాను కెమెరా అసాహీఫ్లెక్స్‌లో అద్దము తీసిన వెంటనే దానంతట అదియే దిగివచ్చు ఏర్పాటు చేయబడెను. ఫిల్మునకు బదులుగా వెలుతురును విద్యుత్తుగా మార్చు సెన్సరు అను పలకను అమర్చగా అదియే డీఎస్‌ఎల్‌ఆర్ అయినది. 2003లో కేనన్ సంస్థ విడుదల చేసిన 300డి రకముతో అది సామాన్య గృహస్థునకు కొంత దగ్గరకు వచ్చినది.

సెన్సరు వచ్చిన పిమ్మట ఒక ప్రశ్న పుట్టినది. ఫిల్ము తాను చూచినదానిని అప్పటికప్పుడు చూపలేదు, సెన్సరు చూపగలదు. అట్లయినచో నడుమ అద్దమెందుకు? అద్దమును తీసివేసి, సెన్సరు చూచుచున్న దృశ్యమునే చిన్న తెరపై కంటికి చూపినచో చాలును గదా! 2008లో పానాసోనిక్ సంస్థ యొక్క జి1 కెమెరా ఈ మార్గమున వెలువడినది. ఇదియే మిర్రర్‌లెస్.

అద్దము కదలుటకు చోటు కావలెను. కేనన్ వారి అద్దపు కెమెరాలలో లెన్సు బిగించు అంచు నుండి సెన్సరు వరకు 44 మిల్లీమీటర్ల దూరము. అద్దము లేని వారి ఆర్ తరగతి కెమెరాలలో అది 20 మిల్లీమీటర్లు. అందువలన శరీరము పలుచనైనది, బరువు తగ్గినది. ఉదాహరణకు ఒకే సంస్థ తొలి మెట్టువారికై చేసిన రెంటిని తీసికొందము. 2018 నాటి అద్దపు కెమెరా 1500డి బ్యాటరీతో కూడ సుమారు 475 గ్రాములు. 2023 నాటి అద్దము లేని ఆర్50 సుమారు 375 గ్రాములు. ఉదయము గౌరీపూజ మొదలు రాత్రి బారాత్ వరకు మెడలో వ్రేలాడదీసికొనువారికి ఆ నూరు గ్రాముల విలువ తెలియును.

ఇక అసలు సంగతి. బొమ్మ దేనియందు బాగుగ వచ్చును? చాలమంది అద్దము లేనిది క్రొత్తది గనుక బొమ్మయు మేలుగ నుండునని భావింతురు. ఇది పొరపాటు. పై రెండు కెమెరాలలోను సెన్సరు ఇంచుమించు 22 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు గలది. రెంటిలోను బిందువులు సుమారు రెండు కోట్ల నలుబది లక్షలు. అనగా అడ్డముగ 6,000, నిలువుగ 4,000. అంగుళమునకు 300 బిందువుల చొప్పున ముద్రించినచో ఇరువది అంగుళముల పొడవు గల బొమ్మ వచ్చును. పెండ్లి ఆల్బమునకు అది పుష్కలము. ఒకే వెలుతురున, సమానమైన లెన్సుతో, శ్రద్ధగా తీసిన రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన నుంచినచో ఏది ఏ కెమెరా పనియో సామాన్యముగ గుర్తింపలేము. బొమ్మ నాణ్యత అద్దమున లేదు. బొమ్మను పట్టుకొను విధానమున మాత్రమే భేదము కలదు.

ఆ భేదములలో మొదటిది చూపు. అద్దపు కెమెరాలో కన్ను చూచునది సాక్షాత్తు లోకము. పందిరి నీడలో పెండ్లికుమార్తె, ఆమె వెనుక మిట్టమధ్యాహ్నపు ఎండ. మన కన్ను రెంటిని సర్దుకొనును, కెమెరా సర్దుకొనలేదు. మీట నొక్కి, వెనుక తెరపై చూచుకొనిన పిమ్మటగాని ముఖము నల్లబడినదని తెలియదు. అద్దము లేని కెమెరాలో సెన్సరుకు తోచిన దృశ్యమే కంటికి తోచును గనుక, మీట నొక్కక పూర్వమే ముఖము నల్లగా కనిపించి హెచ్చరించును. మరియొక చిన్న విశేషము: 1500డి గవాక్షమున దృశ్యములో నూటికి 95 పాళ్ళు మాత్రమే కనబడును. కనబడని అంచున నిలిచిన కుర్చీ యొకటి బొమ్మలోనికి వచ్చి కూర్చుండును. ఆర్50లో దృశ్యము సంపూర్ణముగ కనబడును. అయితే అద్దపు చూపునకును ఒక గుణము కలదు. అది విద్యుత్తు వ్యయము లేని స్వచ్ఛమైన చూపు. ఎంతసేపు చూచినను బ్యాటరీ తరుగదు.

రెండవ భేదము ఫోకసు. అద్దపు కెమెరాలో పెద్ద అద్దము వెనుక మరియొక చిన్న అద్దముండి, కొంత వెలుతురును క్రిందనున్న ప్రత్యేక యంత్రమునకు పంపును. దూరమును నిర్ణయించునది అదియే. 1500డిలో అట్టి చుక్కలు తొమ్మిది. అవియు చట్రము నడిమి భాగమున కూడియుండును. లెన్సునకు, ఆ యంత్రమునకు స్వల్పముగ పొసగనిచో కన్నులకు బదులు చెవులు స్పష్టముగ రావచ్చును. ఆర్50లో బొమ్మ పడు సెన్సరే దూరమును కనుగొనును. చట్రమున చాలభాగము వెదకి, ముఖమును, కన్నును గుర్తించి వెంబడించును. తలంబ్రాలు పోయు క్షణమున వధూవరులు ఒక్కచోట నిలువరు. అప్పుడు ఈ గుణము ప్రయోజనకారి. వరిచేలలో కొంగ ఎగురునప్పుడు 1500డి సెకనుకు మూడు బొమ్మలు తీయును. ఆర్50 పండ్రెండు తీయగలదు. అద్దపు కెమెరాలో కూడ అద్దమును పైకెత్తి వెనుక తెరపై చూచు సదుపాయము కలదు. కాని అప్పుడు 1500డి ఫోకసు చాల మందగించును.

మూడవది చలనచిత్రము. నేడు పెండ్లివారు ఆల్బముతో తృప్తి పడుటలేదు. వీడియో కూడ కోరుచున్నారు. 1500డి ఫుల్ హెచ్‌డీ వరకు తీయును. ఆర్50 అంతకు నాలుగింతల బిందువులు గల 4కె తీయును. దాని వెనుక తెర ప్రక్కకు తెరచుకొని త్రిప్పుటకు అనుకూలముగ నుండును. అయితే మే మాసపు ఎండలో 4కె చిత్రణము దీర్ఘకాలము సాగించినచో చిన్న కెమెరా వేడెక్కును. నడుమ నడుమ విశ్రాంతి నీయవలెను.

ఇక అద్దము లేని కెమెరా లోపములను దాచరాదు. చూచినంతసేపు తెర వెలుగుచుండవలెను గనుక దాని బ్యాటరీ త్వరగా తరుగును. 2018 నాటి అద్దపు కెమెరా నైకాన్ డి3500 ఒక్క చార్జితో 1,550 బొమ్మల వరకు తీయునని దాని తయారీదారుల లెక్క; 1500డి సుమారు 500. ఆర్50 అంతకంటెను తక్కువే. కనుక మరి రెండు బ్యాటరీల ఖర్చును ధరతో కలిపియే లెక్కింపవలెను. లెన్సు మార్చునప్పుడు దాని సెన్సరు ఎదురుగ తెరచుకొనియుండును. కోతల కాలపు దుమ్ములో ఆ పని చేయరాదు. చప్పుడు లేని షట్టరు ఆలయములలో చక్కగా పనికివచ్చును. తిమ్మాపూర్ గుట్టపై శ్రీ వేంకటేశ్వరస్వామి కల్యాణము జరుగుచుండగా టపటప శబ్దము లేకుండ బొమ్మ తీయుట మర్యాదయే. కాని ఆ పద్ధతిలో ఫ్లాషు వెలుగదు. కొన్ని రకముల దీపముల క్రింద బొమ్మపై చారలు పడును.

అందరును మరచు సంగతి మరియొకటి కలదు. అది లెన్సు. 1500డితో సాధారణముగ వచ్చు 18–55 లెన్సు ఎఫ్/3.5 మొదలు ఎఫ్/5.6 వరకు తెరచుకొనును. ఆర్50తో వచ్చు 18–45 లెన్సు ఎఫ్/4.5 మొదలు ఎఫ్/6.3 వరకే. ఈ అంకె పెరిగినకొలది లోనికి వచ్చు వెలుతురు తగ్గును. లెక్క కట్టినచో విశాల దృశ్యమున పాత లెన్సు క్రొత్తదానికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు పైగా వెలుతురు నిచ్చును. రాత్రి ముహూర్తమున, మసక దీపముల క్రింద, క్రొత్త కెమెరాతో వచ్చిన చిన్న లెన్సు బొమ్మను గరుకుగా మార్చుటకు కారణమిదియే. దీనికి విరుగుడు రెండు కెమెరాలకును ఒక్కటే: ఎఫ్/1.8 వరకు తెరచుకొను 50 మిల్లీమీటర్ల లెన్సు. లెన్సులలో అది చవుకైనది. ఎఫ్/4.5 లెన్సు కంటె అది ఆరు రెట్లకు పైగా వెలుతురు నిచ్చును.

భవిష్యత్తు మాట యేమి? 2020లో ప్రపంచమున తయారీదారులు పంపిన కెమెరాల సంఖ్యలో అద్దము లేనివి అద్దము గలవానిని మించినవి. 2021 చివర కేనన్ అధిపతి, తమ అగ్రశ్రేణి అద్దపు కెమెరాలలో 2020 నాటిదియే చివరిదగునని తెలిపిరి. క్రొత్త లెన్సులు, క్రొత్త నేర్పులు అద్దము లేనివానికే వచ్చుచున్నవి. అంతమాత్రమున మేనమామ కెమెరా రేపటి నుండి బొమ్మ తీయుట మానదు. పైగా అతని లెన్సులు కేనన్‌వైనచో ఒక అడాప్టరు సహాయమున ఆర్50కును అమరును. కనుక లెన్సుపై పెట్టిన సొమ్ము వృథా కాదు. కెమెరా శరీరము అయిదారేండ్లకు పాతబడును. మంచి లెన్సు రెండు మూడు శరీరములకు తోడుగ నుండును.

అయితే పాత కెమెరా ఎవరిదైనను, మేనమామదే యైనను, పరీక్షింపక తీసికొనరాదు. లెన్సును దీపమునకు ఎదురుగ పట్టి లోపల సాలెగూడు వంటి బూజు కలదేమో చూడవలెను. వర్షకాలపు తేమలో పెట్టెలో మూసియుంచిన లెన్సులకు ఇది పట్టును. తెల్లని గోడను చిన్న రంధ్రముతో తీసి మచ్చలు కలవేమో చూడవలెను. షట్టరు ఎన్ని వేల మారులు కదలినదో తెలిసికొనవలెను. ఒక మనుష్యుని కంటిపై ఫోకసు నిలిపి, బొమ్మను పెద్దది చేసి, స్పష్టత ఎక్కడ పడినదో చూడవలెను.

ఇప్పుడు ఆ తండ్రికి చెప్పదగిన మాట ఇది. కుమార్తె ఇంకను నేర్చుకొను దశలో నున్నచో, పరీక్షకు నిలిచిన మేనమామ కెమెరాను తీసికొని, మిగిలిన సొమ్ములో ఎఫ్/1.8 లెన్సు కొనవలెను. పొరపాటును తీసిన పిమ్మట చూపు కెమెరాతో వెలుతురును ముందుగ ఊహించుట అలవడును. ఆ విద్య ఎన్నటికిని పాతబడదు. ఆమెకు పని వచ్చి, వచ్చు ముహూర్తములకే బయానాలు చేతికి అందినచో, వీడియో కూడ ఒప్పుకొనినచో, అద్దము లేనిదే తగినది. కాని దానితో పాటు ఎఫ్/1.8 లెన్సునకును, అదనపు బ్యాటరీలకును సొమ్ము చాలినప్పుడే. శరీరమునకే సొమ్మంతయు పోసి, చిన్న లెన్సుతో రాత్రి పెండ్లికి పోవుట మాత్రము కూడదు.

పెండ్లి మరల జరుగదు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణము తప్పినచో ఏ కెమెరాయు దానిని తిరిగి తేలేదు. నాడు నల్లగుడ్డ క్రింద తలదూర్చి చూచిన ఛాయాగ్రాహకునకును, నేడు చిన్న తెరలో చూచు బీర్కూర్ బాలికకును పని ఒక్కటే: వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదో గమనించి, క్షణమునకు ముందుగ సిద్ధపడి యుండుట. సొమ్ము ఖర్చు చేయునపుడు ఆ పనికి ఏది ఎక్కువ సాయపడునో దానినే ముందుగ కొనవలెను.