చలిలో సెంటు ఎక్కడికి పోతుంది?

హైదరాబాదు నుంచి ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కు చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు తరచూ అనే మాట ఇది: "అక్కడ పొద్దున కొట్టుకుంటే సాయంత్రం దాకా గుప్పుమనేది. ఇక్కడ క్లాసుకు చేరేలోపే ఏమీ ఉండటం లేదు. సీసా పాతబడిందా, లేక నకిలీదా?"

చాలాసార్లు సీసా తప్పేమీ ఉండదు. ఊరు మారింది, చర్మం తీరు మారింది, వేసుకునే బట్టలు మారాయి. పూసుకునే పద్ధతి మాత్రం పాతదే. ఇంకా ఘాటైన, ఇంకా ఖరీదైన సీసా కొనేముందు ఆ పద్ధతి మార్చి చూడండి అన్నదే నా మాట. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా చెబుతాను.

అసలు పరిమళం ఎందుకు ఎగిరిపోతుంది?

ఎగరడమే దాని పని కాబట్టి. వాసన ముక్కుకు చేరాలంటే అణువు చర్మాన్ని వదిలి గాలిలోకి లేవాలి. లేచినది మళ్లీ తిరిగి రాదు. అంటే మనం ఆఘ్రాణించే ప్రతి క్షణమూ సెంటు కొంత ఖర్చవుతూనే ఉంటుంది. ఎక్కువసేపు నిలవాలంటే ఆ ఖర్చు నెమ్మదిగా జరగాలి, అంతే.

అణువులన్నీ ఒకే వేగంతో లేవవు. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ చాలా తేలిక, దాని అణుభారం 136. అది నిమిషాల్లోనే పోవడం మొదలుపెడుతుంది. గంధపు నూనెలోని శాంటలాల్ భారం 220. అది గంటల తరబడి చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. యార్డ్‌లీ కంపెనీలో ముఖ్య పరిమళకారుడిగా పనిచేసిన విలియం ఆర్థర్ పౌచర్ ఈ తేడాకు ఒక కొలమానం కట్టాడు. ఒక్కో ద్రవ్యం ఎంతసేపు నిలుస్తుందో చూసి 1 నుంచి 100 దాకా అంకెలు వేశాడు. 14 వరకూ వచ్చేవి మొదట పలకరించే వాసనలు. 60 వరకూ నడిమివి. ఆపైన ఉన్నవి అడుగున నిలిచేవి. గంధం, పచౌలి నూనెలకు ఆయన ఏకంగా 100 వేశాడు. (ఇదే పౌచర్ లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండ్ కొండల ఫొటోలు తీసి, నడకదారుల పుస్తకాలు రాసి ఆ రంగంలోనూ పేరు తెచ్చుకున్నాడు. సెలవురోజుల్లో న్యూకాసిల్ నుంచి కొండలెక్కడానికి పోయేవాళ్లకు ఆ పౌచర్ ముందు తెలిసి ఉండవచ్చు.)

సీసా మీద రాసి ఉండే పేర్లకూ ఇక్కడే అర్థం దొరుకుతుంది. ఓ ద కొలోన్ అంటే పరిమళ తైలం సుమారు 2 నుంచి 5 శాతం, మిగిలినదంతా దాదాపు ఆల్కహాలే. ఓ ద టాయిలెట్‌లో 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫమ్‌లో 15 నుంచి 20 శాతం వరకూ ఉంటుంది. ఉత్త పర్ఫమ్ అని ఉంటే అంతకంటే ఎక్కువ. కంపెనీని బట్టి ఈ లెక్కలు కాస్త అటూ ఇటూ అవుతాయి. అయితే శాతం ఒక్కటే చూసి కొనకండి. నిమ్మజాతి వాసనలే నిండిన ఓ ద పర్ఫమ్ కంటే గంధం, కస్తూరి వాసనలున్న ఓ ద టాయిలెట్ ఎక్కువసేపు నిలవొచ్చు.

చలిలో నెమ్మదిగా ఆవిరవ్వాలి కదా, మరి ముందే పోయినట్టుందేం?

ఇది మంచి ప్రశ్న. పరిమళ ద్రవ్యాలు చాలావాటికి వేడి 10 డిగ్రీలు తగ్గితే గాలిలోకి లేచే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మే నెల హైదరాబాదులో పగటివేడి 40 డిగ్రీల దగ్గర ఆడుతుంటుంది. న్యూకాసిల్‌లో నడివేసవి జులైలో కూడా సగటు పగటివేడి 20 డిగ్రీలు దాటదు. జనవరిలో ఏడెనిమిది డిగ్రీలుంటే గొప్ప. కాబట్టి ఇక్కడి వీధిలో మీ సెంటు పోలేదు, లేవడం లేదు. అది కోటు కింద అలాగే ఉంది. వెచ్చటి గదిలోకి వెళ్లి కోటు విప్పాక పక్కవాళ్లకు తెలుస్తుంది.

నిజంగా పోగొట్టేవి రెండున్నాయి. మొదటిది గాలి. ఉత్తర సముద్రం మీంచి వచ్చే గాలి టైన్‌మత్ ఒడ్డునా, క్వేసైడ్ వంతెనల మీదా ఎలా కొడుతుందో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండ లేకపోయినా గాలి వీస్తే తీగ మీది బట్టలు ఆరిపోతాయి. చర్మం మీది సెంటు సంగతీ అంతే. లేచిన అణువుల్ని గాలి వెంటనే తోసేస్తుంది, వాటి చోట కొత్తవి లేస్తాయి. పైగా అలా లేచినవి చెదిరిపోతాయి తప్ప మీ చుట్టూ నిలవవు.

రెండోది పొడితనం. బయటి చల్లగాలిలో తేమ శాతం ఎక్కువే కనిపిస్తుంది గానీ, చల్లగాలి పట్టుకోగలిగే నీరే చాలా తక్కువ. బయట 3 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలిని ఇంట్లో హీటర్‌తో 21 డిగ్రీలకు వేడిచేస్తే, దాని తేమ 30 శాతం కంటే కిందికి దిగిపోతుంది. ఆ గదిలో రాత్రంతా పడుకుంటాం, దానికి తోడు పొద్దున్నే మరిగే నీళ్లతో స్నానం. చర్మం పైపొరలో ఉన్న కాస్త జిడ్డూ కొట్టుకుపోతుంది. అలా ఎండిన చర్మానికి సెంటును పట్టి ఉంచే శక్తి లేదు.

పోయింది సెంటా, మన ముక్కా?

చాలామందికి అసలు జవాబు ఇదే అని నా నమ్మకం. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అది జబ్బు కాదు, పొగో కుళ్లో కొత్తగా వస్తే పసిగట్టడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. మెడ మీద, చొక్కా కాలరు మీద కొట్టుకుంటే ముక్కుకు విరామమే ఉండదు, అరగంటలో మీకు ఏమీ తెలియకుండా పోతుంది. ఇంకో రెండుసార్లు కొడతారు. పక్కన కూర్చున్నవాళ్ల తల తిరుగుతుంది. మళ్లీ కొట్టుకునేముందు కాసేపు బయట నడిచి రండి. లేదా ఇంట్లో ఉన్న అక్కనో, గదిలో ఉన్న స్నేహితుడినో "వాసన వస్తోందా?" అని అడగండి. ఈ విషయంలో ఎదుటివాళ్ల ముక్కే నమ్మదగినది.

ముందు ఒంటికి నూనెపట్టు ఎందుకు?

మన పెద్దవాళ్లు పండగనాడు ఒంటికి నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, స్నానమయ్యాక గంధం పూసేవారు. ఆ వరుసలో మంచి రసాయన శాస్త్రం ఉంది. పరిమళ ద్రవ్యాలు నూనెలో కరుగుతాయి. ఏ పదార్థమైనా తాను కరిగే మరో పదార్థంలో కలిసి ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పటికంటే తక్కువగా ఆవిరవుతుంది. చర్మం మీద పలచటి నూనెపొర ఉంటే సెంటు అందులో కరిగి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది.

అత్తరు తయారీ అంతా ఈ సూత్రం మీదే నడిచింది. కనౌజ్‌లో పూలను రాగి డేగులో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని భప్కా అనే మరో పాత్రలో ఉన్న గంధపు నూనెలోకి పంపుతారు. గులాబీ, మల్లె వాసనలు అందులో ఇంకుతాయి. ఆల్కహాలు ఉండదు. పూల వాసన ఎంత తేలికదైనా, దాన్ని పట్టుకున్నది పౌచర్ లెక్కలో 100 పడ్డ గంధం. చార్మినార్, పత్తర్‌గట్టీ దుకాణాల్లో గాజుకడ్డీతో మణికట్టు మీద ఒక్క చుక్క రాసి ఇస్తారే, ఆ చుక్క మర్నాటికీ తెలియడం అందుకే. గంధపు నూనె ధర ఆకాశానికి చేరాక చవక అత్తర్లలో ద్రవ పారఫిన్ వాడుతున్నారు. కొనేటప్పుడు ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసే పునుగు తైలం కూడా ఈ కోవలోదే. పునుగులో వాసనకు మూలం సివెటోన్ అనే పెద్ద వలయాకారపు అణువు, భారం 250. లియోపోల్డ్ రుజిచ్కా 1926లో దాని నిర్మాణం తేల్చేదాకా అంత పెద్ద వలయం ఉండగలదని రసాయనవేత్తలు ఒప్పుకోలేదు. ఆయనకు 1939 నోబెల్ బహుమతి రావడంలో ఈ పనికీ పాలుంది. ఇవాళ్టి పెర్ఫ్యూముల్లో అడుగున నిలిచే కస్తూరి వాసనల్లో చాలావరకూ ప్రయోగశాలలో తయారైనవే.

న్యూకాసిల్ పొద్దుటికి దీన్ని ఇలా మలుచుకోండి. నీళ్లు మరీ వేడిగా పోసుకోకండి. తుడుచుకున్నాక చర్మంలో కాస్త చెమ్మ ఉండగానే వాసనలేని మాయిశ్చరైజర్ రాయండి. అది ఇంకడానికి కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు సెంటు కొట్టండి. మరీ పొడిబారే చర్మమైతే, పూసే చోట మాత్రం గోరంత వాజలీన్ రాస్తే చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె చర్మానికి మంచివే గానీ వాటికి సొంత వాసన ఉంది. మల్లె అత్తరుకు అది నప్పుతుందేమో, సముద్రపు గాలి పేరుతో అమ్మే సెంటుకు మాత్రం నప్పదు.

ఎక్కడ పూసుకోవాలి?

మణికట్టు, మెడ, చెవుల వెనక అని అందరూ చెబుతారు. అక్కడ నెత్తురు పైపైన పారుతూ వెచ్చగా ఉంటుంది కాబట్టి వాసన బాగా లేస్తుంది, నిజమే. కానీ బాగా లేచేది త్వరగా అయిపోతుంది. మణికట్టు రోజుకు పదిసార్లు కుళాయి కిందికి వెళుతుంది కూడా. నిలకడ కావాలంటే గాలి తగలని చోట, చొక్కా లోపల ఛాతీ మీద, మోచేతి మడతలో పూయండి. హైదరాబాదు పాతబస్తీ పెద్దమనుషులు అత్తరు దూదిని చెవి మడతలో దోపుకుంటారు. దూది నెమ్మదిగా వదులుతుంది, ముఖానికి దగ్గరగానూ ఉంటుంది. ఈ ఊరి చలికి అంతకంటే చక్కని ఉపాయం నాకు తెలియదు.

మణికట్లు రుద్దితే అణువులు విరిగిపోతాయంటారు, నిజమేనా?

కాదు. చేతి రాపిడికి అణువులు విరగవు. రుద్దితే చర్మం వేడెక్కుతుంది, సెంటు ఎక్కువ మేర పరుచుకుంటుంది, మొదటి వాసనలు తొందరగా పోతాయి. అందుకని రుద్దకుండా వదిలేయండి.

బట్టల మీద కొట్టొచ్చా?

ఉన్ని స్కార్ఫ్ మీద తప్పకుండా. ఉన్ని పోగులు పరిమళాన్ని రోజుల తరబడి పట్టి ఉంచుతాయి, ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు స్కార్ఫ్ ఎలాగూ మెడలోనే ఉంటుంది. జానెడు దూరం నుంచి, లోపలివైపు కొట్టండి. పట్టుచీర మీద మాత్రం వద్దు, మరక పడితే పోదు. అత్తరైతే మరీను. ముత్యాల దండ వేసుకునేవారు సెంటు ఆరాకే వేసుకోవాలి, ముత్యం మెరుపును ఆల్కహాలు చెరుపుతుంది.

ఇంకో సంగతి. మీ చొక్కాకు అప్పటికే ఒక వాసన ఉంటుంది. న్యూకాసిల్ పాత సబ్బుల ఊరు. ఇక్కడి థామస్ హెడ్లీ కంపెనీని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 1930లో కొన్నది, ఆ సంస్థ పరిశోధన కేంద్రం ఇప్పటికీ లాంగ్‌బెంటన్‌లో ఉంది. ఇప్పటి బట్టల సోపుల్లో, కండిషనర్లలో పరిమళాన్ని కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో పెడతారు. నడుస్తుంటే, చేయి తగులుతుంటే అవి పగిలి వాసన వదులుతాయి. దాని మీద మీ సెంటు పడితే రెండూ కలగాపులగమై ఏదీ తెలియదు. సెంటు మీద ప్రేమ ఉంటే వాసనలేని సోపుతో ఉతకండి. ఇది చిన్న మార్పే అయినా ఫలితం పెద్దది.

దుకాణంలో ఎలా ఎంచాలి?

నార్తంబర్లండ్ స్ట్రీట్‌లో 1882 నుంచి ఉన్న ఫెన్విక్‌లోకి వెళితే పెర్ఫ్యూముల వరుసలే వరుసలు. కాగితం ముక్క మీద కొట్టి ఇస్తారు. కాగితానికి వేడి లేదు, జిడ్డు లేదు, చెమట లేదు. వాసన ఎలా ఉందో అది చెబుతుంది గానీ మీ ఒంటి మీద ఎంతసేపు ఉంటుందో చెప్పలేదు. నచ్చిన ఒక్కటి చేతి మీద కొట్టించుకుని బయటికి వచ్చేయండి. గ్రేస్ మాన్యుమెంట్ దాకా నడవండి, గ్రేంజర్ మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కోండి. రెండు గంటల తర్వాత చేతి మీద మిగిలినదే మీరు రోజంతా మోయబోయే వాసన. అది నచ్చితే కొనండి.

సీసా ఎక్కడ పెట్టాలి? ఎన్నిసార్లు కొట్టాలి?

బాత్రూములో వద్దు, కిటికీ గట్టు మీద వద్దు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. వెలుగు, వేడి తగిలితే లిమోనీన్ వంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతాయి. అలా పాడైనవే చర్మానికి దురద, దద్దుర్లు తెచ్చే అవకాశం ఎక్కువ. మూత బిగించి, అసలు డబ్బాలోనే పెట్టి, బీరువాలో దాచండి. కొత్త సెంటైనా, అత్తరైనా ముందు మోచేతి లోపల ఒక చుక్క రాసి ఒకరోజు చూడండి. ఎర్రబడితే దాన్ని చర్మానికి తగలనివ్వకండి. క్లాసుగది, లైబ్రరీ, మెట్రో డబ్బా ఇవన్నీ చలికాలంలో తలుపులు మూసి ఉండే చోట్లు, ఆస్తమా, పార్శ్వనొప్పి ఉన్నవాళ్లూ అక్కడే కూర్చుంటారు. పగలు బయటికి వెళ్లేటప్పుడు చర్మం మీద రెండుసార్లు, స్కార్ఫ్ మీద ఒకసారి కొట్టుకుంటే సరిపోతుంది.