ఒకే తీగపై ఫోను, కంప్యూటరు: మాటకే అగ్రతాంబూలం

ఆల్థాన్ (సూరత్): వస్త్ర వ్యాపారానికి పేరొందిన సూరత్‌లో ఎన్నో బేరాలు ఫోనుమీదే కుదురుతాయి. ఇంటర్నెట్ టెలిఫోనీని కేంద్రం 2002 ఏప్రిల్‌లో పరిమితంగా అనుమతించింది. ఆల్థాన్ వంటి ప్రాంతాల చిన్న కార్యాలయాలు ఇంటర్నెట్ ఫోన్లను, కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌పై నడిపితే తీగల ఖర్చు కలిసివస్తుంది. అయితే ముప్పూ లేకపోలేదు.

సాధారణ పద్ధతిలో ఒక సంభాషణకు ఒక్కో దిశలో సెకనుకు 90 కిలోబిట్లు సరిపోతాయి. కానీ అదే సమయంలో పెద్ద ఫైలు పంపితే మాటలు వరుసలో చిక్కుకుంటాయి. ఫైలు కొంత ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. మాట తెగితే ధరే తప్పుగా వినిపించవచ్చు. ఈ జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండటం మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది.

1998లో వెలువడిన సాంకేతిక ప్రమాణం ప్రకారం ఒకే తీగపై ఫోన్లకు ప్రత్యేక విభాగం కేటాయించవచ్చు. రూటరులోనూ మాటకే ప్రాధాన్యం ఇవ్వాలి. అప్పటికీ ఫలితం లేకుంటేనే రెండో కనెక్షన్‌కు ఖర్చు పెట్టడం సమంజసం.