ప్లగ్గు దూరింది... మరి వోల్టేజీ?

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయంలో పెద్దపెద్ద సూట్‌కేసుల వరసలు కనిపిస్తాయి. అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సామాన్లలో ఆవకాయ, ప్రెషర్ కుక్కర్‌లతో పాటు ల్యాప్‌టాప్, దాని ఛార్జర్, ఓ యూనివర్సల్ అడాప్టర్ తప్పకుండా ఉంటాయి. అడాప్టర్ కొనేశాం కాబట్టి కరెంటు సంగతి చూసుకున్నట్టేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి అది మార్చేది పిన్నుల ఆకారాన్ని మాత్రమే. గోడలోంచి ఎన్ని వోల్టులు వస్తే అన్నీ యథాతథంగా వస్తువులోకి పోతాయి.

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే, పైగా ఒకే దేశంలో రెండు ఫ్రీక్వెన్సీలు: టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. 19వ శతాబ్దం చివర్లో టోక్యోవాళ్లు జర్మనీ నుంచి, ఒసాకావాళ్లు అమెరికా నుంచి జనరేటర్లు తెప్పించుకున్నారు. ఆ తేడా ఈరోజుకీ పోలేదు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్, దుబాయ్‌లకు వెళ్లేవారికి వోల్టేజీ బెంగ లేదు. అన్నిచోట్లా 230కి అటూ ఇటూగానే ఉంటుంది, ప్లగ్గు చూసుకుంటే చాలు.

ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను తిరగేసి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100-240 వోల్ట్స్, 50-60 హెర్ట్జ్’ అని ఉంటుంది. ఆ ఒక్క ముక్క ఉంటే వోల్టేజీ పరంగా ఏ దేశంలోనైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. లోపలున్న ఎస్ఎంపీఎస్ అనే సర్క్యూట్ వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చి, సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ కావలసినంతే బయటికి వదులుతుంది. ఫోన్, కెమెరా, ట్యాబ్ ఛార్జర్లు ఇప్పుడు దాదాపు అన్నీ ఇదే తరహావి. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే మౌస్, కీబోర్డు, చిన్న హార్డ్ డిస్కులకైతే గోడలో ఎంత వోల్టేజీ ఉందన్న ప్రసక్తే లేదు.

అసలు ప్రమాదం మిగతా సామాన్లతోనే. అదీ ఎక్కువగా అమెరికా నుంచి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు.

అక్కడ వాడిన స్పీకర్లతో బరువైన పాత అడాప్టర్ ఒకటి వస్తుంది. దానిమీద ‘120 వోల్ట్స్, 60 హెర్ట్జ్’ అని మాత్రమే రాసి ఉంటుంది. లోపలుండేది ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్. ఇక్కడి సాకెట్లో పెడితే అది వేడెక్కి మాడిపోతుంది, పెట్టిన కాసేపటికే వాసన వస్తుంది. లేజర్ ప్రింటర్‌ది మరీ పెద్ద సమస్య. కాగితం మీద పొడిని కరిగించి అతికించే హీటర్ సాధారణంగా గోడ వోల్టేజీతోనే నేరుగా పనిచేస్తుంది. 120 వోల్టుల హీటర్‌కు 230 ఇస్తే పుట్టే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటిపోతుంది. పాత డెస్క్‌టాప్‌ల వెనక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉండేది. దాన్ని 115 మీదే ఉంచేసి ఇక్కడ ఆన్ చేస్తే లోపలి కెపాసిటర్లు పెద్ద చప్పుడుతో పేలిపోతాయి.

వీటన్నిటికన్నా ఎవరూ అనుమానించనిది అమెరికన్ స్పైక్ బస్టర్. ఛార్జర్లన్నీ 100-240వే కదా, ఈ బాక్సు కూడా తీసుకెళ్తే అన్నీ ఒకేచోట పెట్టుకోవచ్చనుకుంటారు. దాని లోపల ఎంఓవీ అనే చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. వోల్టేజీ తన హద్దు దాటగానే అదనపు కరెంటును తనలోంచి పోనివ్వడం దాని పని. అక్కడి బాక్సుల్లో ఆ హద్దును 120 వోల్టుల లైనుకు తగ్గట్టే పెడతారు. మన 230 తగలగానే, పిడుగేదో పడిందన్నట్టు అది ఆగకుండా కరెంటు లాగుతూ కాలిపోతుంది. పొగ రావచ్చు, మంట రావచ్చు. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా ఇంతే. అందుకే ఆ బాక్సును అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావడం మంచిది.

స్పీకర్లను పారేయనక్కర్లేదు. సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో 100-240 ఇన్‌పుట్ ఉన్న అడాప్టర్ అడిగి తీసుకోవచ్చు. పాతదాని మీద అవుట్‌పుట్ 12 వోల్టుల డీసీ, 2 ఆంపియర్లు అని ఉంటే కొత్తదీ సరిగ్గా 12 వోల్టుల డీసీదే కావాలి. ఆంపియర్లు 2కు తగ్గకూడదు, ఎక్కువున్నా నష్టం లేదు. పిన్ను సైజుతో పాటు ప్లస్ మధ్యలో ఉందా, అంచున ఉందా అన్న గుర్తును కూడా పోల్చుకోవాలి. మార్చడానికి వీల్లేని వస్తువుకే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. వస్తువు మీదున్న వోల్టులను ఆంపియర్లతో గుణించి, వచ్చినదానికి కనీసం పావు వంతు కలిపి ఆ సామర్థ్యంది కొనాలి. అది వోల్టులను దించుతుందే గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. జేబులో పట్టేంత తేలిగ్గా ఉండి, మీద 1600 వాట్స్ అని రాసి ఉండే ట్రావెల్ కన్వర్టర్లను హెయిర్ డ్రయర్ల వంటి వేడి పరికరాల కోసం చేస్తారు. అవి కరెంటు తరంగాన్ని తెగ్గొట్టి పంపుతాయి కాబట్టి కంప్యూటర్ సామాన్లను వాటి జోలికి తీసుకెళ్లకూడదు.

ఇక ప్లగ్గుల సంగతి. యూరప్ రెండు పిన్నుల సన్న ప్లగ్గు 4 మిల్లీమీటర్ల మందం, మన 6 ఆంపియర్ల ప్లగ్గు పిన్ను 5 దాటుతుంది. ఆ సన్న ప్లగ్గు మన సాకెట్లో వదులుగా ఊగుతుంటే చిటపటమని నిప్పురవ్వలు వస్తాయి, కాంటాక్టు దగ్గర వేడెక్కుతుంది. జర్మనీ సాకెట్లకు ఎర్త్ పక్కల ఉండే లోహపు క్లిప్పుల్లో ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టర్‌తో మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే ఆ ఎర్త్ అందదు. ల్యాప్‌టాప్ లోహపు మూత మీద మణికట్టు ఆనించినప్పుడు జివ్వుమనేది అందుకే. బ్రిటన్ ప్లగ్గులో ఫ్యూజు కూడా ఉంటుంది, అక్కడి చట్టం ప్రకారం తప్పనిసరి.

చాలా ఛార్జర్లకు గోడవైపు వైరు విడిగా ఊడొస్తుంది. చిన్నవాటికి ఎనిమిది అంకె ఆకారపు సాకెట్, ల్యాప్‌టాప్‌లకు మూడు రేకుల సాకెట్. ప్రపంచమంతా ఇవే కొలతలు. ఎక్కువ రోజులు ఉండేవాళ్లు అడాప్టర్‌తో నెట్టుకురాకుండా ఆ ఊళ్లోనే వైరు ఒక్కటి కొనుక్కుంటే ఎర్త్ సహా అన్నీ సరిగ్గా కుదురుతాయి. తిరిగొచ్చాక ఐఎస్ఐ గుర్తున్న మన వైరు మళ్లీ తగిలిస్తే సరి. అమెరికా వైరు మీద 125 వోల్ట్స్ అనే ముద్ర ఉంటుంది గనక దాన్ని ఇక్కడ వాడొద్దు.