రాగి రేకు మీద కాలువలు

ఇటు రండర్రా, అరుగు మీద నీడ ఉంది, కూచోండి. మన రాయచూరు ఎండలో పది దాటాక వీధిలో ఆడేదెలాగూ లేదు. ఆ లాప్‌టాప్ కూడా పట్టుకురండి. ఇవాళ మనం రాగి రేకు మీద కాలువలు తవ్వబోతున్నాం.

నిజంగా కాలువలేనమ్మా. మన పెద్దవాళ్ళు కోస్తాలో పొలాలు అమ్ముకుని, సింధనూరు, మాన్వి చుట్టుపక్కల ఈ నల్లరేగడి బీళ్ళకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు కదా, ఎందుకొచ్చారు? తుంగభద్ర ఎడమ కాలువ కోసం. 1953లో ఆనకట్ట పూర్తయింది, కాలువలో నీళ్ళు వదిలారు, జొన్న పండే నేల వరి పండించే నేల అయింది. కాలువ ఎలా పోతుందో, ఎక్కడ వంపు తిరుగుతుందో, చివరి పొలానికి నీళ్ళు ఎందుకు అందవో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళం మనం. సర్క్యూట్ బోర్డు గీయడానికి అంతకన్నా మంచి చదువు ఇంకోటి లేదు. నీళ్ళ బదులు కరెంటు పారుతుంది, మట్టి కాలువ బదులు రాగి గీత. అంతే తేడా.

మన పని ఏమిటంటే, డాబా మీద ట్యాంకు నిండగానే కుయ్యిమనే బజర్ చేయాలి. మోటారు వేసి మర్చిపోతే నీళ్ళన్నీ వీధి పాలవుతున్నాయని మీ నాన్నమ్మ రోజూ మొత్తుకుంటోంది కదా! దీనికి కావలసినవి తక్కువే. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బజర్, బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, రెండు రెసిస్టర్లు, ఓ చిన్న ఎల్‌ఈడీ. ట్యాంకు అంచు దగ్గర రెండు తీగలు వేలాడదీస్తాం. నీళ్ళు రెండింటినీ తాకగానే, నీళ్ళలోని ఉప్పుల వల్ల పిసరంత కరెంటు ఒక తీగ నుంచి రెండో తీగకు పోతుంది. మన బోరు నీళ్ళు ఉప్పనివే కాబట్టి పని ఇంకా సులువు. ఆ పిసరంత కరెంటు ట్రాన్సిస్టర్ బేస్‌లోకి వెళ్ళి పెద్ద కరెంటుకు దారి తెరుస్తుంది. చిన్న తూము మీద చెయ్యి వేస్తే పెద్ద కాలువ గేటు లేచినట్టు. బజర్ మోగుతుంది. బ్యాటరీతోనే చేయండి. గోడలోని 230 వోల్టుల జోలికి మీరు వెళ్ళకూడదు, అది పెద్దయ్యాక, నేర్చినవాళ్ళు పక్కన ఉన్నప్పుడు చేసే పని.

ఇక బోర్డు సంగతి. చాలామంది పిల్లలు ఇక్కడే తికమకపడతారు. పుస్తకంలో ఉండే సర్క్యూట్ బొమ్మ వేరు, బోర్డు మీద గీసే లేఅవుట్ వేరు. మొదటిది నీటి సంఘం రిజిస్టరు లాంటిది. ఏ తూము కింద ఎవరి పొలం ఉంది, ఎవరికి ఎక్కడి నుంచి నీళ్ళు రావాలి అన్నది మాత్రమే అందులో ఉంటుంది. రెండోది నేల మీద తవ్విన కాలువ. పొలం ఎంత దూరం, మధ్యలో గుట్ట ఉందా, వాగు అడ్డం వచ్చిందా, ఇవన్నీ అక్కడే తేలతాయి. రిజిస్టరు తప్పుల్లేకుండా ఉండి కాలువ తప్పుగా తవ్వితే పంట ఎండుతుందా లేదా? బోర్డు విషయమూ అంతే.

ఇదివరకు ఈ కాలువలు చేత్తోనే తవ్వేవాళ్ళు. 1930ల్లో పాల్ ఐస్లర్ అనే వియన్నా ఇంజనీరు లండన్‌కు వలస వచ్చి, తీగల చిక్కుముడి లేకుండా రాగి రేకు గీతలతో రేడియో చేసి చూపించాడు. వెంటనే ఎవరూ చెవిన పెట్టలేదు. తర్వాత యుద్ధకాలంలో దాని విలువ తెలిసొచ్చింది. ఇప్పుడు ఆ పద్ధతి లేని ఫోను లేదు, టీవీ లేదు. మీరందరూ ఎల్‌ఈడీ మెరిపించడానికి వాడే 555 చిప్ ఉంది చూశారా, దాన్ని 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అనే ఆయన తయారు చేశాడు. దాని లోపలి లేఅవుట్‌ని పెద్ద ఎర్ర ప్లాస్టిక్ రేకు మీద చాకుతో స్వయంగా కోశాడు! ముందు గీసిన నమూనాకు తొమ్మిది కాళ్ళు కావలసి వచ్చాయి. ఒక చోట స్థిరమైన కరెంటునిచ్చే సర్క్యూట్ తీసేసి మామూలు రెసిస్టర్ పెట్టొచ్చని ఆయనకు తట్టింది, ఎనిమిది కాళ్ళతో సరిపోయింది. చిన్న ప్యాకేజీలో ఇమిడింది కాబట్టే అంత చవకైంది, ఇవాళ్టికీ మన రాయచూరు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగితే చేతిలో పెడతారు. నాకు ఆ ముచ్చట తలుచుకుంటే ఎంత సంతోషమో!

మీ చేతిలో చాకు అక్కర్లేదు, మౌసు ఉంది. కీక్యాడ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రాన్సులో జాన్ పియెర్ షారాస్ అనే అధ్యాపకుడు 1992లో మొదలుపెట్టాడు. తర్వాత కణాల్ని ఢీకొట్టించే ఆ పెద్ద ప్రయోగశాల సెర్న్ వాళ్ళు కూడా చేయి వేసి దాన్ని పెంచారు. మన ఐఐటీ బొంబాయి వాళ్ళు ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ కట్టారు. అందులో సర్క్యూట్ గీసి, బోర్డు చేయకముందే కంప్యూటర్లో నడిపించి చూడొచ్చు. ఇవి రెండూ పైసా ఖర్చు లేనివే. పల్లెటూళ్ళో ఉన్న పిల్లాడికీ, సెర్న్‌లో ఉన్న సైంటిస్టుకీ ఒకే పనిముట్టు దొరకడం చిన్న విషయం కాదురా. మా చిన్నప్పుడు సోల్డరింగ్ ఐరన్ కావాలంటే హైదరాబాదు వెళ్ళి వచ్చేవాళ్ళని బతిమాలుకునేవాళ్ళం. ఇప్పుడు మన జిల్లాలోనే ట్రిపుల్ ఐటీ ఉంది. 2019లో మొదలైంది, తొలి రోజుల్లో ఐఐటీ హైదరాబాదు దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించింది.

సరే, తెర మీద చూడండి. ముందు సర్క్యూట్ బొమ్మ గీశాం. ప్రతి భాగానికీ దాని అడుగు కొలత, అంటే ఫుట్‌ప్రింట్ కట్టబెట్టాలి. పావు వాట్ రెసిస్టర్‌ని పడుకోబెడితే రెండు రంధ్రాల మధ్య 10.16 మిల్లీమీటర్లు. ఇదేం వింత లెక్క అంటారేమో, అంగుళంలో పదో వంతు 2.54 మిల్లీమీటర్లు కదా, దానికి నాలుగు రెట్లు. మనం రంధ్రాల్లో గుచ్చే చిప్‌ల కాళ్ళు కూడా ఆ పదో వంతు అంగుళం లెక్కలోనే నిలబడతాయి. ట్రాన్సిస్టర్ దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. బీసీ547 కాళ్ళు కిందికి పెట్టి, చదునైన ముఖం మీ వైపు తిప్పితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే ఆకారంలో ఉండే 2222 రకాల్లో కొన్నిటికి ఈ వరస తిరగబడి ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి! అందుకే డేటాషీట్ చూడకుండా ఫుట్‌ప్రింట్ పెట్టకూడదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లో బోర్డు పేజీ తెరిస్తే భాగాలన్నీ ఓ కుప్పగా పడతాయి, వాటి మధ్య సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఎవరికి ఎవరితో చుట్టరికమో ఆ గీతలు చెబుతాయి. ట్రాన్సిస్టర్‌ని పట్టుకుని ఓ చుట్టు తిప్పండి. చూశావా చిట్టీ, రెండు గీతల చిక్కు దానంతట అదే విడిపోయింది! మొత్తం పనిలో నాకు ఇష్టమైంది ఇదే. గీత గీయడం మొదలుపెట్టేముందు భాగాల్ని అటూ ఇటూ జరుపుతూ, తిప్పుతూ ఎంత సేపు కూచుంటే అంత మంచిది. స్థలం కుదిరితే గీతలు వాటంతట అవే కుదురుతాయి. తొందరపడి గీసినవాడు చివర్న అన్నీ చెరుపుకుంటాడు.

ఒకే వైపు రాగి ఉన్న బోర్డు మీద రెండు గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే రెండు కాలువల నీళ్ళూ కలిసిపోయినట్టే. తప్పనిసరైతే ఏం చేస్తాం? మన కాలువకు వాగు అడ్డొచ్చినప్పుడు వాగు నీళ్ళని కింద నుంచి పంపలేదూ? అలాగే ఓ తీగ ముక్కని జంపర్‌గా పైనుంచి వేస్తాం. రెండు వైపులా రాగి ఉన్న బోర్డులో అయితే వయా అనే రంధ్రం గుండా గీత కిందికి దిగి అవతల పైకి తేలుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే గీత పెద్ద కాలువ, దాన్ని రెండు మిల్లీమీటర్ల వెడల్పు పెట్టండి. మిగతావి పంటబోదెలు, ఒక మిల్లీమీటరు చాలు. కీక్యాడ్ తనంతట తాను ఇచ్చే సన్నటి గీత ఫ్యాక్టరీకి బాగానే ఉంటుంది, ఇంట్లో ఇస్త్రీపెట్టెతో అద్ది చేసే మన పనికి నిలవదు. బోర్డు మీద రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు, అంటే సుమారు వెంట్రుకలో సగం. అంత పల్చటి కాలువ కాబట్టి వెడల్పే దిక్కు.

చిప్‌లు వాడే బోర్డులో ఇంకో ముచ్చట ఉంది. చిప్ సప్లై కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమంటారు. ఎందుకు? మాన్వి వైపు కాలువ చివరి రైతులు వంతు వచ్చినప్పుడు నీళ్ళు పట్టి కుంట నింపుకుంటారు కదా. చిప్‌కి ఒక్కసారిగా కరెంటు కావలసి వచ్చినప్పుడు బ్యాటరీ దాకా వెళ్ళి తెచ్చుకునే వ్యవధి ఉండదు, పక్కనున్న కుంట లోంచి తోడుకుంటుంది. కుంట పొలం పక్కనే ఉండాలి, ఊరవతల ఉంటే లాభం లేదు.

అన్నీ గీశాక డీఆర్‌సీ, అంటే డిజైన్ నియమాల తనిఖీ, నొక్కండి. ఏ గీత ఏ గీతకు మరీ దగ్గరైందో, ఏ కాలు గీత అందక ఎండిపోయి ఉందో సాఫ్ట్‌వేర్ బాణం వేసి చూపిస్తుంది. కానీ మీ బజర్ అసలు కొలత దానికి తెలీదు. అందుకని కాగితం మీద సరిగ్గా అసలు సైజులో ప్రింటు తీసి, అట్ట మీద అంటించి, భాగాల కాళ్ళు గుచ్చి చూసుకోండి. అయిదు నిమిషాల పని, బోర్డు మొత్తాన్ని కాపాడుతుంది.

ఫ్యాక్టరీకి పంపాలంటే గెర్బర్ ఫైళ్ళు అని తీస్తారు. ఆ పేరు జోసెఫ్ గెర్బర్‌ది. ఆయనా వియన్నా పిల్లాడే. చిన్న వయసులోనే నాజీల చేత చిక్కి, బయటపడి, 1940లో తల్లితో అమెరికా చేరాడు. కాలేజీలో ఉండగా గ్రాఫులు కొలవడం విసుగనిపించి తన పైజామా నడుం ఎలాస్టిక్ లాగి దాన్నే సాగే స్కేలుగా మార్చాడు! 1948లో దాని మీదే కంపెనీ పెట్టాడు. తర్వాత వాళ్ళ యంత్రాలు బోర్డుల బొమ్మల్ని కాంతితో గీయడం మొదలుపెట్టాయి, వాటికిచ్చే ఆజ్ఞల భాషే ఇవాళ్టి గెర్బర్. ఫ్యాక్టరీలో మంచి బోర్డుల ప్యాడ్ల మీద, అంటే భాగాల కాళ్ళు అతికే రాగి చోట్ల మీద, పల్చగా బంగారం పూస్తారు, తుప్పు పట్టకుండా. బంగారమంటే మీకు కొత్తేముంది, లింగసుగూరు దగ్గర హట్టి గని మనదేగా.

ఇంట్లోనే చేయాలంటే లేజర్ ప్రింటు తీసి, ఇస్త్రీపెట్టెతో రాగి మీద అద్ది, ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేయాలి. టోనర్ అంటుకున్నచోట రాగి మిగులుతుంది, మిగతాది కరిగిపోతుంది. ప్లాస్టిక్ తొట్టిలోనే వేయండి, స్టీలు గిన్నెనూ అల్యూమినియం గిన్నెనూ కూడా అది తినేస్తుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు, పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే. వాడేసిన ద్రావణాన్ని కాలువలో గానీ, మురుగులో గానీ పారబోయకండి. అందులోని రాగి చేపల్ని చంపుతుంది. సీసాలో పోసి పేరు రాసి భద్రంగా ఉంచండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి అప్పజెప్పొచ్చు.

ఇస్త్రీ చేసేటప్పుడు బొమ్మ తిరగబడుతుంది కదా, మరి అద్దంలోలా తిప్పి ప్రింటు తీయాలా, వద్దా? కింది వైపు రాగి పొరకైతే వద్దు, పై పొరకైతే తిప్పాలి. తెర మీద కింది పొరని మనం బోర్డులోంచి తొంగి చూస్తున్నాం, అందుకే అది ఇప్పటికే తిరగబడి ఉంది. నమ్మకం చాలకపోతే బోర్డు మూల మీద, ఆ రాగి పొరలోనే మీ ఊరి పేరు, తేదీ రాయండి. ప్రింటులో అక్షరాలు తిరగబడి కనిపించాలి, రాగి మీద అద్దాక తిన్నగా చదవగలగాలి. మొదటి బోర్డు నుంచే ఈ అలవాటు చేసుకోండి పిల్లలూ, ఆ బోర్డుల్ని పారేయకుండా దాచుకోండి.