పెట్టుబడి, ఫుట్‌బాల్, దేశాల మధ్య సంబంధాలు

విదేశీ పెట్టుబడి దేశాలను దగ్గర చేస్తుందనీ, ఆటలు ప్రజలను దగ్గర చేస్తాయనీ, ఈ రెండూ కలిస్తే దేశాల మధ్య స్నేహం గట్టిపడుతుందనీ తరచుగా వింటూ ఉంటాం. గల్ఫ్ పాలకుల డబ్బు యూరప్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నప్పుడు, ప్రపంచకప్పు నిర్వహణ ఒక కొత్త దేశానికి దక్కినప్పుడు పత్రికలన్నీ ఈ మాటే రాస్తాయి. ఇది పూర్తిగా అబద్ధమని నేను అనటం లేదు. అయితే ఈ వాక్యంలో 'దేశం' అంటే ఎవరు? దగ్గరయినవాళ్ళెవరు, ఎవరికి దగ్గరయ్యారు, ఎంతకాలం? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఆ మాటకు అర్థం లేదు. రచయితలకు ఈ ప్రశ్నలతో ప్రత్యేకంగా పని ఉంది. 'దేశం', 'అభివృద్ధి', 'స్నేహం' వంటి పెద్ద మాటల వెనక ఉన్న మనుషులను చూపించటం సాహిత్యం పని గనక.

ఇందుకు రెండు ఉదాహరణలు తీసుకుంటాను. మొదటిది, 19వ శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ రైల్వే పెట్టుబడి వెంట ఫుట్‌బాల్ అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలకు చేరిన తీరు. రెండోది, 2010 తర్వాత ఖతర్ అనుభవం. మొదటిదాన్ని కాస్త వివరంగా చెబుతాను. దాని ఫలితాలను నూరేళ్ళ దూరం నుంచి చూడగలుగుతున్నాం కాబట్టి.

ముందుగా ఒక భేదాన్ని గమనించాలి. మన దేశానికి ఫుట్‌బాల్ ప్రధానంగా సైనిక పటాలాల వెంట వచ్చింది. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు సైనికుల పోటీగానే పుట్టింది. 1911లో మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్లో ఓడించినది కూడా ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే సైనిక జట్టునే. పాలకుడు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాడు. అర్జెంటీనా పరిస్థితి వేరు. 1816లోనే అది స్వతంత్రాన్ని ప్రకటించుకుంది. అక్కడ బ్రిటిష్ జెండా ఎగరలేదు. కాని 1824లో లండన్‌లోని బేరింగ్ బ్యాంకు ఇచ్చిన పది లక్షల పౌన్ల రుణంతో మొదలుపెట్టి, బ్యాంకులు, రేవులు, మాంసం ఎగుమతి, అన్నిటికీ మించి రైల్వేలు క్రమంగా బ్రిటిష్ పెట్టుబడి చేతుల్లోకి వెళ్ళాయి. జెండా లేని ఆధిపత్యం అది.

ఆ పెట్టుబడి ఎలా పనిచేసిందో చూడండి. రొసారియో రేవు నుంచి కార్డోబా నగరానికి రైలుమార్గం వేసిన సెంట్రల్ అర్జెంటైన్ రైల్వే కంపెనీకి 1863 ఒప్పందంలో అక్కడి ప్రభుత్వం 7 శాతం లాభానికి హామీ ఇచ్చింది. పైగా మార్గానికి రెండు పక్కలా ఒక్కో లీగు వెడల్పున భూమి ఇచ్చింది. మన దేశంలో తొలి రైల్వే కంపెనీలకు రైతుల పన్నుల్లోంచి 5 శాతం హామీ ఇచ్చిన పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. నష్టం వస్తే ప్రజలది, లాభం వస్తే వాటాదారులది. 1914 నాటికి అర్జెంటీనాలో సుమారు 33 వేల కిలోమీటర్ల రైలుమార్గం ఏర్పడింది. అందులో అత్యధిక భాగం బ్రిటిష్ కంపెనీలది. మార్గాలన్నీ దాదాపు రేవుల వైపే నడిచాయి. గోధుమలు, మాంసం ఓడకెక్కాలి గదా!

రైళ్ళ వెంట ఇంజనీర్లు, గుమాస్తాలు, మేస్త్రీలు, వాళ్ళ పిల్లల కోసం బడిపంతుళ్ళు వచ్చారు. 1867లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన మొదటి ఫుట్‌బాల్ ఆటలో ఆడినవాళ్ళంతా బ్రిటిష్‌వాళ్ళే. 1882లో వచ్చిన అలెగ్జాండర్ వాట్సన్ హట్టన్ అనే స్కాట్లండ్ ఉపాధ్యాయుడు రెండేళ్ళ తర్వాత సొంతంగా బడి పెట్టి ఫుట్‌బాల్‌ను చదువులో భాగం చేశాడు. 1893లో ఆయన ఆధ్వర్యంలో లీగు స్థిరపడింది. ఆ సంఘం వ్యవహారాలు మొదట్లో ఇంగ్లీషులోనే నడిచాయి. అంటే ఆ దేశంలో ఆడుతున్న ఆట ఆ దేశం భాషలో లేదు.

రైల్వే కంపెనీలు తమ ఉద్యోగుల క్లబ్బులకు అండగా నిలిచాయి. ఇది కేవలం ఔదార్యం కాదు. సెలవు రోజున కూడా కార్మికుడు కంపెనీ పేరున్న చొక్కా వేసుకుంటే కంపెనీకి నష్టమేమీ లేదు. 1889లో రొసారియోలో సెంట్రల్ అర్జెంటైన్ రైల్వే క్లబ్బు ఏర్పడింది. 1891లో ఉరుగ్వే రాజధాని మాంటివీడియోలో సెంట్రల్ ఉరుగ్వే రైల్వే క్రికెట్ క్లబ్బు ఏర్పడింది. ఈ రెండో క్లబ్బు తొలి సభ్యులు 118 మంది. అందులో 72 మంది ఇంగ్లీషువాళ్ళు, 45 మంది ఉరుగ్వేవాళ్ళు, ఒక జర్మన్. రెండు దేశాల మధ్య సంబంధం అప్పటికి ఎంతవరకు వచ్చిందో ఈ సభ్యుల పట్టిక చెప్పినంత స్పష్టంగా ఏ రాయబారి ఉపన్యాసమూ చెప్పలేదు.

ఇక్కడి నుంచే కథ మలుపు తిరుగుతుంది. పెట్టుబడి తెచ్చిన ఆట పెట్టుబడి గీసిన గిరిలో ఉండలేదు. 1899లో మాంటివీడియో విద్యార్థులు విదేశీయుల పెత్తనానికి ప్రతిగా 'నాసియొనాల్' అనే క్లబ్బు పెట్టుకున్నారు. పేరులోనే వాళ్ళ ఉద్దేశం ఉంది. 1903లో రొసారియో క్లబ్బు రైల్వే ఉద్యోగులు కానివారికీ తలుపు తెరిచి, ఇంగ్లీషు పేరు వదిలి రొసారియో సెంట్రల్ అయింది. మాంటివీడియో రైల్వే క్లబ్బు ఫుట్‌బాల్ విభాగం 1913లో కంపెనీ నుంచి విడిపోయి, రైల్వే వర్క్‌షాపు ఉన్న పేట పేరునే తన పేరుగా పెట్టుకుంది. అదే పెన్యరోల్. కార్డోబా రైల్వే కార్మికుల క్లబ్బు పేరు 'తయ్యేరెస్'. ఆ మాటకు అర్థమే వర్క్‌షాపులు. కంపెనీ పేర్లు పోయి, పనిచేసే చోటు పేర్లు మిగిలాయి.

మరో పక్క, కంపెనీతో ఏ సంబంధమూ లేని క్లబ్బులూ పుట్టాయి. ఇటలీ, స్పెయిన్ దేశాల నుంచి వలస వచ్చిన కార్మికులు అనార్కిస్టు, సోషలిస్టు భావాలను కూడా తెచ్చారు. చకరీతా జూనియర్స్ క్లబ్బు 1906 మే 1న పుట్టింది. అర్జెంటీనోస్ జూనియర్స్ మూలాల్లో ఉన్న ఒక జట్టు పేరు 'చికాగో అమరవీరులు'. మే దినానికి కారణమైన చికాగో కార్మిక నాయకుల స్మృతిలో పెట్టుకున్న పేరది. 1976లో మారడోనా తన తొలి లీగు ఆట ఆడింది ఈ అర్జెంటీనోస్ జూనియర్స్ తరఫునే. కంపెనీ క్లబ్బులు కార్మికులను లొంగదీసుకున్నాయని అనుకోవటం కూడా పొరపాటే. 1917లో అర్జెంటీనా రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు.

ఈ క్రమంలో ఆట స్వభావమే మారింది. బలమూ, పరుగూ ప్రధానంగా ఉన్న ఇంగ్లీషు ఆట, పేదపేటల ఇరుకు జాగాల్లో చిన్న పాస్‌లు, తప్పించే నేర్పు ప్రధానమైన ఆటగా మారింది. ఆడేవాళ్ళూ మారారు. 1916 దక్షిణ అమెరికా పోటీలో బానిసల సంతతికి చెందిన ఇసబెలీనో గ్రదీన్, హువాన్ దెల్గాదో ఉరుగ్వే తరఫున ఆడారు. వాళ్ళ చేతిలో 4-0తో ఓడిన చిలీ జట్టు, ఉరుగ్వే ఆఫ్రికన్లను ఆడించిందని ఫిర్యాదు చేసింది. ఉరుగ్వే 1924, 1928 ఒలింపిక్సుల్లో గెలిచింది. 1930లో మొదటి ప్రపంచకప్పును తన ఖర్చు మీద నిర్వహించి, ఫైనల్లో అర్జెంటీనాను 4-2తో ఓడించింది. ఆ జట్టు కెప్టెన్ హోసె నసాస్సీ పాలరాయి చెక్కే పనివాడు. యూరప్ నుంచి వచ్చిన జట్లు నాలుగే. ఆట నేర్పిన ఇంగ్లండు రానే లేదు.

మరి పెట్టుబడి కట్టిన సంబంధం ఏమైంది? 1933 రోకా-రన్సిమన్ ఒప్పందంలో, తన మాంసానికి బ్రిటిష్ మార్కెట్టులో చోటు నిలుపుకోవటం కోసం అర్జెంటీనా బ్రిటిష్ కంపెనీలకు ఎన్నో రాయితీలు ఇవ్వవలసి వచ్చింది. 1948లో పెరోన్ ప్రభుత్వం 15 కోట్ల పౌన్లు చెల్లించి, పాతబడిన రైల్వేలను కొనుక్కుంది. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా సైనిక నియంతలు మాల్వినాస్ దీవుల మీదికి సేనలను పంపారు. 74 రోజుల యుద్ధంలో 649 మంది అర్జెంటీనావాళ్ళు, 255 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. నూరేళ్ళు దాటిన పెట్టుబడీ, నూరేళ్ళు దాటిన ఫుట్‌బాలూ కలిసి కూడా ఆ యుద్ధాన్ని ఆపలేదు. ఆట శాంతిని తెస్తుందనేవారు ఈ లెక్క చూడాలి. అలాగని ఆట వల్ల ఏ సంబంధమూ ఏర్పడదా? ఏర్పడుతుంది. అది ఎక్కడ ఏర్పడుతుందో రెండో ఉదాహరణ తర్వాత చెబుతాను.

ఖతర్ విషయంలో పెట్టుబడి ప్రవాహం దిశ మారింది. ఇక్కడ చమురు, సహజవాయువు మీద వచ్చిన డబ్బు యూరప్‌కు వెళ్ళింది. 2010 డిసెంబరు 2న 2022 ప్రపంచకప్పు ఖతర్‌కు దక్కింది. 2011లో ఖతర్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ పారిస్ సెయింట్ జెర్మేన్ క్లబ్బును కొన్నది. 2015లో ఖతర్ ఫ్రాన్సు నుంచి 24 రఫేల్ యుద్ధవిమానాలకు ఒప్పందం చేసుకుంది. క్లబ్బు వల్ల విమానాలు అమ్ముడయ్యాయని నేను అనటం లేదు. అన్నీ ఒకే స్నేహం పద్దులో జమ అయ్యాయని మాత్రం అంటున్నాను. 2017 జూన్‌లో సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. రెండు నెలల్లో పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు పెట్టి నెయ్‌మార్‌ను తెచ్చుకుంది. చిన్న దేశానికి ప్రపంచం కళ్ళలో ఉండటమే ఒక రక్షణ. ఫుట్‌బాల్ ఆ రక్షణను కొనిపెట్టే సాధనమయింది.

ఆ ప్రపంచకప్పుకు ఎనిమిది స్టేడియాలు. ఏడు కొత్తగా కట్టినవి. కట్టినవాళ్ళెవరు? ఇక్కడే మన ఊళ్ళు ఈ కథలోకి వస్తాయి. ఖతర్ జనాభాలో పౌరులు పదోవంతుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటారు. తక్కినవాళ్ళలో నేపాల్, బంగ్లాదేశ్, భారతదేశాల కూలీలు లక్షలాది మంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెలు తమ బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నాయి. ఆ మూడో మాటలో ఖతర్ కూడా ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి ఏజెంటుకు అప్పు చేసి కట్టి వెళ్ళినవాళ్ళకు 'కఫీల్' అనే మాట నిఘంటువులో చూడవలసిన పని లేదు. కార్మికుడి వీసా యజమాని చేతిలో ఉండే ఆ కఫాలా పద్ధతిలో, యజమాని అనుమతి లేకుండా పని మారటానికి గాని, దేశం విడిచి వెళ్ళటానికి గాని వీలుండేది కాదు. ప్రపంచం చూపు పడటం వల్ల 2018-2020 మధ్య ఈ నిబంధనలు సడలాయి. 2021లో నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. ఈ మార్పులను తక్కువ చేయకూడదు. కాని వీటిని తెచ్చింది పెట్టుబడి దయ కాదు. కార్మిక సంఘాలు, పత్రికలు, హక్కుల సంస్థలు ఏళ్ళ తరబడి తెచ్చిన ఒత్తిడి.

మరణాల లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. ఖతర్‌కు ప్రపంచకప్పు దక్కిన తర్వాత పదేళ్ళలో అక్కడ అయిదు దక్షిణాసియా దేశాలవాళ్ళు 6,500 మందికి పైగా చనిపోయారని 2021లో గార్డియన్ పత్రిక రాసింది. ఇది అన్ని కారణాల మరణాల లెక్క, స్టేడియం పనిలో చనిపోయినవారి లెక్క కాదు. ప్రపంచకప్పుకు సంబంధించిన పనుల్లో చనిపోయినవారు 400 నుంచి 500 మంది ఉంటారని 2022 నవంబరులో నిర్వాహక కమిటీ అధిపతి అన్నాడు. నెయ్‌మార్ ధర యూరోల్లో తేలింది. కూలీల చావుల లెక్క మాత్రం వందల్లో కూడా తేలలేదు.

పోటీలు జరుగుతున్నప్పుడు వేలాది కూలీలు దోహా ఊరి చివర, కార్మికుల వాడ దగ్గరి క్రికెట్ మైదానంలో తెర మీద ఆటలు చూశారు. అర్జెంటీనా, ఇంగ్లండు చొక్కాలు వేసుకుని వీధుల్లో ఊరేగిన మలయాళీలను చూసి కొన్ని పాశ్చాత్య పత్రికలు 'డబ్బుకు తెచ్చిన నకిలీ అభిమానులు' అన్న అనుమానం వెలిబుచ్చాయి. కూలివాడికి కూడా ఆట మీద ప్రేమ ఉంటుందన్న సంగతి వాళ్ళ ఊహకు అందలేదు.

ఇందాక వాయిదా వేసిన ప్రశ్నకు వస్తాను. ఆట వల్ల నిజమైన సంబంధం ఎక్కడ ఏర్పడింది? బంగ్లాదేశ్‌లో అర్జెంటీనా జట్టు మీద ప్రేమ 1986 నుంచీ పెరుగుతూ వచ్చింది. మారడోనా ఇంగ్లండును ఓడించిన ఏడాది అది. అర్జెంటీనా పెట్టుబడి అక్కడికి ఎన్నడూ చెప్పుకోదగినంతగా రాలేదు. 1978లో ఢాకాలో మూతపడ్డ అర్జెంటీనా రాయబార కార్యాలయం 2023 ఫిబ్రవరిలో మళ్ళీ తెరుచుకుంది. 2022లో ఢాకా వీధుల్లో వెల్లువెత్తిన ఆ అభిమానం చూసిన తర్వాతనే ఇది జరిగింది. ఇక్కడ పెట్టుబడి ముందు, స్నేహం తర్వాత కాదు. జనం ప్రేమ ముందు, కార్యాలయం తర్వాత. ఇక ముందు ఆ కార్యాలయం గుండా సోయా, గోధుమల వ్యాపారం నడవవచ్చు. అయినా మొదటి అడుగు ఎవరిదన్నది చెరిగిపోదు.

నేను చెప్పదలచినది ఇదే. పెట్టుబడి ఆటను మోసుకుపోగలదు, కొనగలదు. కాని ఆట వల్ల జనం మధ్య సంబంధం ఏర్పడేది, ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ దాన్ని తమ భాషలోకి, తమ వీధిలోకి తెచ్చుకున్నప్పుడే. ఖతర్ స్టేడియాలను కట్టినవాళ్ళకు ఆ అవకాశం ఇంకా రాలేదు.

ఉరుగ్వే రచయిత మారియో బెనెదెత్తి కథల్లో 'ఎడమ వైపు ఆటగాడు' అనే అర్థం వచ్చే పేరుతో ఒకటి ఉంది. ఓడిపోతే డబ్బూ ఉద్యోగమూ ఇస్తామన్న పెద్దల మాట తప్పి గోలు కొట్టిన ఒక పేద ఆటగాడు, దెబ్బలు తిని ఆసుపత్రిలో పడి, తన భాషలో తన కథ చెబుతాడు. ఒక ఆట వెనక ఉన్న డబ్బు సంబంధాలన్నీ అతని మాటల్లోంచే మనకు తెలుస్తాయి. మన గల్ఫ్ సాహిత్యం వెళ్ళినవాడి కష్టాన్నీ, ఇంటి దగ్గర మిగిలినవాళ్ళ ఎదురుచూపునూ చెబుతూ వచ్చింది. అది అవసరమే. దానితోపాటు అతను ఏం కట్టాడు, ఎవరి డబ్బుతో కట్టాడు, కట్టినదాన్ని ఎక్కడ నిలబడి చూశాడు అన్నదీ రాయవలసి ఉంది. రెండు దేశాలు దగ్గరయ్యాయని పత్రికలో చదివినప్పుడల్లా ఆ వాక్యంలో అతని చోటు ఎక్కడో వెతకటం మన పని.