ఎర్ర గీత ముందు బూడిద గీత

వేసవి సెలవులకి మా మనవరాలు టెక్కలి నుంచి వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది. తోట గాలి చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటర్ ముందు కూర్చుని ఫిజిక్స్ పాఠాలు వినేది. మూడో రోజు పొద్దున్నే లోపల్నుంచి కేకేసింది.

"తాతా, నెట్టు రాట్లేదు. బొమ్మ ఆగాగి వస్తంది."

వాకిట్లో జీడి పిక్కలు ఎండకి తిరగేస్తున్నవాణ్ని చేతులు దులుపుకొని వెళ్లాను. మాస్టారి గొంతు తడబాటు లేకుండా వినిపిస్తోంది. ఆయన చెయ్యి మాత్రం బోర్డు మీద ఒకచోట బిగుసుకుపోయి, అంతలోనే మూరెడు దూరంలో కనబడుతోంది.

"నెట్టు రాట్లేదని ఎలా తెలిసిందమ్మా?"

"ఆగిపోతంది కదా తాతా!"

ఇక్కడే అందరం పొరపడతాం. బొమ్మ ఆగితే చాలు, నెట్టు మీద పడిపోతాం. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తాం, రీఛార్జ్ పెద్దది చేయిస్తాం. అసలు బొమ్మ ఎక్కడ ఆగిందో చూడం. చూడ్డానికి పనిముట్టు కూడా అక్కర్లేదు. యూట్యూబ్ బొమ్మ అడుగున గీత ఉంటుంది. మనం చూసేసినంత మేర ఎర్రగా, వచ్చి సిద్ధంగా ఉన్నంత మేర బూడిదరంగులో. ఆ బూడిద గీతే మొత్తం కథ చెబుతుంది.

పలాస, కాశీబుగ్గల్లో జీడి కార్ఖానా చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పిక్కలు ఉడికిస్తారు, కోస్తారు, పప్పుని బోర్మాలో ఆరబెడతారు. తర్వాత ఆడవాళ్లు వరసగా కూర్చుని పొట్టు తీస్తారు, ఆపైన గ్రేడింగ్. పొట్టు తీసేవాళ్ల ముందు ఎప్పుడూ ఓ కుప్ప ఉంటుంది. బోర్మా నుంచి పప్పు రావడం పావుగంట ఆలస్యమైనా ఆ కుప్ప ఉన్నంతసేపు చేతులు ఆగవు. వీడియోలో బఫర్ అనేది ఆ కుప్పే. వీడియో మొత్తం ఒక్కసారిగా రాదు. కొన్ని సెకన్లకో ముక్క చొప్పున వస్తూ కుప్ప పడుతుంది, కంప్యూటర్ అందులోంచి తీసి చూపిస్తుంది. బూడిద గీత ఆ కుప్ప పొడవు.

ఇప్పుడు మేస్త్రీ ఏం చూస్తాడో ఆలోచించండి. గ్రేడింగ్ దగ్గర పని ఆగిందనుకుందాం. పొట్టు తీసేచోట కుప్ప ఖాళీ అయితే తప్పు వెనకాల, అంటే బోర్మాలోనో కటింగ్ దగ్గరో ఉంది. కుప్ప కొండలా పేరుకుపోయి కూడా గ్రేడింగ్‌కి పప్పు అందట్లేదంటే తప్పు పొట్టు తీసేచోటే.

"గీత సూడు తల్లీ," అన్నాను.

ఎర్ర గీతకి ముందు బూడిద గీత బెత్తెడు ఉంది.

"అంటే పాఠం వచ్చి కూర్చుంది. నెట్టు దాని పని అది చేసేసింది. మరి పని ఎక్కడ ఆగింది?"

కంప్యూటర్ కేసి చూసింది. బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిపించాను. చిన్న నల్ల పెట్టెలో అంకెలు వచ్చాయి. బఫర్ హెల్త్ 30 సెకన్ల పైన ఉంది. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అనే అంకె మాత్రం మా కళ్లముందే ఎగబాకుతోంది. అంటే సమయానికి తయారు కాక వదిలేసిన బొమ్మల లెక్క అన్నమాట. గొంతుని విప్పడం తేలికపని కాబట్టి గొంతు సాగిపోతోంది, బొమ్మ వెనకబడుతోంది. రెండూ కలిసి ఆగి సున్నా గుండ్రంగా తిరుగుతుంటే కుప్ప అయిపోయిందని అర్థం. ఇక్కడ అది కాదు.

బొమ్మని విప్పడం ఎంత పనో ఒకసారి లెక్కేద్దాం. 1080 నాణ్యత బొమ్మలో 1920ని 1080తో గుణిస్తే 20 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకి మూడు రంగులు, ఒక్కో రంగుకి 8 బిట్లు, సెకనుకి 30 బొమ్మలు. సెకనుకి సుమారు 150 కోట్ల బిట్లు! తీగలో వచ్చేది 50 లక్షలో ఇంకాస్తో. అంటే మూడొందల్లో ఒక వంతే వస్తోంది. మిగతాదంతా కంప్యూటర్ తిరిగి కట్టుకోవాలి.

ఎలా? పంపేవాళ్లు ఒక నిండు బొమ్మ పంపి, ఆ తర్వాత మారినదాన్ని మాత్రమే చెబుతారు. మాస్టారి వెనక బోర్డు కదలదు, చెయ్యి ఇటు జరిగింది, అంతే. అందుకే పాఠాలకి తక్కువ చాలుతుంది. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు కునుకుతున్న వీడియో చూడండి, అద్దంలా ఉంటుంది. అవన్నీ ఒక్కసారి రెక్కలు విప్పి లేచాయా, బొమ్మ చదరాలు చదరాలుగా చెదురుతుంది. ప్రతి చుక్కా మారిపోతే చెప్పాల్సింది పెరిగిపోతుంది మరి. గాలికి ఊగే కొబ్బరి తోట కూడా అంతే.

ఈ కుదింపు పద్ధతులు కాలంతో మారుతున్నాయి. 2003 నాటి హెచ్.264ని విప్పే ప్రత్యేక భాగం మా కంప్యూటర్ చిప్‌లోనే ఉంది. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా బిగించి కుదిస్తుంది, డేటా ఆదా. మా కంప్యూటర్ కొన్నది 2013లో. పుట్టని భాషని అది ఎక్కడ నేర్చుకుంటుంది? పాఠం ఏవీ1లో వస్తోంది, దాన్ని విప్పే ప్రత్యేక భాగం లేక, పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే నూటికి నూరు చూపించింది.

నాణ్యత 480కి తగ్గించమన్నాను. చుక్కలు 20 లక్షల నుంచి 4 లక్షలకి దిగాయి. మాస్టారి చెయ్యి నున్నగా కదిలింది. అక్షరాలు కాస్త మసకే, కానీ చదవొచ్చు. బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఎవరో ఆపేసి ఉంచారు, అదీ వేశాం.

సాయంత్రం ప్లగ్గు పీకి డబ్బా విప్పాం. ఫ్యాను మీదా, దాని కింది అల్యూమినియం రేకుల సందుల్లోనూ దుమ్ము దుప్పటిలా పేరుకుంది. మన సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమని పట్టేస్తుంది, తేమ దుమ్ముని అతికిస్తుంది. వేడి బయటకి పోకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. మెత్తటి బ్రష్షుతో, ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని దులిపాం. మర్నాడు 720 కూడా ఆడింది. ఆ పిల్ల మొహం చూడాలి!

వారం తర్వాత మళ్లీ కేక. ఈసారి తనే చూసుకుంది. "గీత అయిపోయింది తాతా, సున్నా తిరుగుతంది." కుప్ప ఖాళీ, తప్పు బోర్మా వైపు. అయితే అటు కూడా రెండు మజిలీలు ఉన్నాయి. వీధి నుంచి రూటర్ దాకా ఒకటి, రూటర్ నుంచి కంప్యూటర్ దాకా ఇంకోటి. వైఫై కాకుండా తీగతో కలిపి చూస్తే తప్పు ఏ మజిలీలో ఉందో తేలిపోతుంది. తీగ పెట్టగానే పాఠం పరుగెత్తింది. మా రూటర్ ఇనప బీరువా వెనక ఉంది, పక్కన పిక్కల బస్తాలు. ఇనుము రేడియో అలల్ని తిప్పికొడుతుంది, మందపాటి గోడా తేమగల సరుకూ వాటిని మింగేస్తాయి. రూటర్‌ని కిటికీ పక్కకి మార్చాం.

మూడోది గాలివాన రాత్రి. రూటర్ పెట్టె మీద 'లాస్' అని రాసి ఉన్న దీపం ఎర్రగా మినుకుతోంది. అంటే ఫైబర్ తీగలోంచి వెలుగు రావట్లేదు. మన ఊళ్లలో ఫైబర్ తీగలు చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. 2017 డిసెంబర్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా స్తంభాల దారే ఎంచుకుంది, భూమి తవ్వే ఖర్చు లేకుండా. పల్లెకి ఇంటర్నెట్ త్వరగా చేరిందంటే అందుకే. అయితే 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో స్తంభాలు ఎలా ఒరిగాయో చూసినవాళ్లం. కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగిన ఆ ఉదయం ఇప్పటికీ కళ్లలోంచి పోదు.

ఈసారి తుఫాను కాదు, ఒక్క కొబ్బరి మట్ట. మా సందు మలుపులో తీగ మీద పడి దాన్ని తెంపింది. గాజుపోగులో వెలుగు ప్రయాణించే మధ్యభాగం మిల్లీమీటర్లో నూరో వంతు కన్నా సన్నం. నూతిలో మునిగి పైకి చూస్తే ఒక వాలు దాటాక నీటి పైభాగం అద్దంలా మెరుస్తుంది కదా, ఆ అద్దమే పోగు లోపలి గోడ. వెలుగు బయటకి పోలేక లోపలే సాగిపోతుంది. పోగుని మరీ వంచితే వాలు తప్పి కారిపోతుంది. పిల్లలూ, తెగిన కొనలోకి ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. అందులో వచ్చే వెలుగు కంటికి కనబడదు, కానీ కంటికి మంచిది కాదు.

మర్నాడు లైన్‌మన్ బాబు నిచ్చెనతో వచ్చాడు. తెగిన రెండు కొనలూ చెక్కి, తుడిచి, చిన్న పెట్టెలో ఎదురెదురుగా పెట్టాడు. దాని తెర మీద రెండు గాజు కొనలు పెద్దవై కనబడ్డాయి. అవి వాటంతటవే సర్దుకున్నాక చిటుక్కుమని నిప్పురవ్వ, గాజు కరిగి ఒకటైపోయింది. మనవరాలు రెప్ప వేయలేదు. తర్వాత మీటర్ పెడితే మైనస్ 20 చూపించింది.

"మైనస్ అంటే ఏటి తాతా, వెలుగు లేదనా?"

"మిల్లీవాట్‌లో నూరో వంతు ఉందని," అన్నాను.

లోపలికి పరుగెత్తింది. లాస్ దీపం ఆరిపోయి ఉంది. కాసేపటికి మాస్టారి గొంతు వాకిట్లోకి వినబడింది. నేను పిక్కలు తిరగేయడానికి వెళ్లాను.